మూడు రోజులు ఒడ్డున

ఆటంటే ఏమిటో తెలియనివాణ్ణి నేను క్షమించగలను. తెలుసుననుకుని మాట్లాడేవాణ్ణి చూస్తే మాత్రం డెబ్బై అయిదేళ్లు వచ్చినా నాకు ఒళ్లు మండుతుంది. అలాంటివాళ్లు ప్రపంచంలో ఎక్కడెక్కడ ఉన్నారో తెలియదు గానీ, బందరులో మా గ్రౌండు గేటు ఎదుట సెల్ షాపు అరుగు మీద సాయంత్రం అయిదు దాటాక నలుగురైదుగురు దొరుకుతారు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, వాళ్లలో నేనూ ఒకణ్ణిగా చాలాకాలం కూర్చున్నాను.

ఆ అరుగు మీద కూర్చున్నవాళ్ల వీపులు గ్రౌండు వైపు ఉంటాయి. ముఖాలు షాపులో గోడకు బిగించిన టీవీ వైపు. టీవీలో ఇంగ్లండువాళ్లో స్పెయిన్‌వాళ్లో ఆడుతుంటారు. వెనక మనవాళ్లు ఆడుతుంటే బంతిని తన్నిన చప్పుడు వచ్చి వీళ్ల వీపులకు తగులుతుంది. ఎవడూ తల తిప్పడు. కానీ మ్యాచ్ అయిపోయాక, ఎవడెలా ఆడాడో తేల్చేది వీళ్లే. పక్క హోటలు నుంచి టీలు తెప్పించుకుని మరీ తేలుస్తారు.

నా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తూ, చేతికందిన పుస్తకమల్లా చదివి సంపాదించుకున్నాను. ఫుట్‌బాల్ నియమాల పుస్తకం ఇంగ్లీషులో ఉంటే, నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక వర్షాకాలమంతా కూడబలుక్కున్నాను. ఆ పుణ్యాన ముప్పై ఏళ్లు మా గ్రౌండులో లైన్స్‌మన్‌గా జెండా పట్టాను. గీత వెంబడి పరిగెత్తేవాడికి అందరికన్నా దగ్గరగా కనపడేవి వింగర్ కాళ్లు. ఎవడి మడమ ఎప్పుడు నేల వదులుతుందో, ఎవడు అడ్డొచ్చే బ్యాక్‌ని చూసి భయపడ్డాడో, ఎవడు భయపడినట్టు నటిస్తున్నాడో మూడు గజాల దూరం నుంచి చూసినవాణ్ణి. ఈ మాట అరుగు మీద చెబితే, "మీ రోజులు వేరు బాబాయ్ గారూ" అంటారు. కాళ్లు మారాయా? మోకాలు వెనక్కి వంగుతోందా ఇప్పుడు?

మా జట్టుకు లెఫ్ట్ వింగ్ ఆడే కుర్రాడి సంగతి ఇది. వాడిది దివిసీమలో హంసలదీవి దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. బందరు పిల్లను చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. మావగారికి హార్బరులో ఒక మరబోటు ఉంది. కిందటేడు వేసవి టోర్నమెంటులో వాడు ఆడిన ఆట నేను నా జన్మలో నాలుగైదుసార్లు చూసి ఉంటాను. బంతి కాలికి తగలగానే ఒళ్లంతా ఒక పక్కకు వాల్చేవాడు. ఎదుటి బ్యాక్ ఆ పక్కకు పోయేవాడు. వీడు మాత్రం ఇంకో పక్క నుంచి గీత మీదుగా జారిపోయేవాడు. ఫైనల్ గెలిచిన రోజున అరుగు మీదవాళ్లు వాణ్ణి భుజాలకెత్తుకుని ఊరేగించారు. సెల్ షాపాయన వాడి ఫోటో ఫ్లెక్సీ కొట్టించి షాపు మీద కట్టాడు.

వర్షాలు మొదలయ్యాక ఆ ఆట పోయింది. ఆడిన ప్రతి మ్యాచ్‌లోనూ అదే తంతు. బంతి వస్తే ఒక క్షణం ఆగేవాడు. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడేవాడు. ఒళ్లు వాల్చడం లేదు, బ్యాక్‌ని దాటే ప్రయత్నమే లేదు, వచ్చిన బంతిని వచ్చినవాడికే తిరిగి ఇచ్చేసేవాడు. ఒకసారి ఎవరూ తగలకుండానే కూలబడ్డాడు. ఇక అరుగుకు పండగే పండగ.

"అయిపోయాడండీ వీడు," అన్నాడు సెల్ షాపాయన. నలభై దాటిన మనిషి, ఒక్కనాడూ బంతి తన్నలేదు. "ఇప్పుడు వింగర్లు లోపలికి కోసుకుని రావాలి. వీడు గీత పట్టుకుని వేలాడతాడు. నేను ఎన్ని వీడియోలు పంపించాను వాడికి! ఒక్కటి చూశాడా? బ్లూ టిక్ కూడా పడలేదు."

"వీడియోలు కాదయ్యా, క్రమశిక్షణ," అన్నాడు డ్రిల్లు మాస్టారు. రిటైరై పదేళ్లయింది. జట్టును ఎంపిక చేసేది ఇప్పటికీ ఆయనే. "వారంలో ఒక్కరోజు ప్రాక్టీసుకు వస్తే గొప్ప. మిగతా రోజులు ఏం చేస్తున్నట్టు?"

"ఏం చేస్తాడండీ?" అందుకున్నాడు ఇంకొకడు. "బోటు ఓనరు అల్లుడు. అత్తారింట్లో కూర్చుని రొయ్యల వేపుడు తింటున్నాడు. నడక చూడండి, కాళ్లు ఎడం చేసుకుని! తొడలు రాసుకుంటున్నట్టున్నాయి పాపం."

అందరూ నవ్వారు.

"ఎండాకాలం సరుకు మాస్టారూ వాడు. మామిడికాయ లాగా. ఏప్రిల్లో కాస్తాడు, జూన్‌కి అయిపోతాడు."

ఈ మాటకు ఇంకా నవ్వారు. తెలివి తక్కువవాళ్లతో వచ్చే బాధ ఇదే. నిజం వాళ్ల నోట్లోంచే వచ్చి వాళ్ల కాళ్ల దగ్గరే పడుతుంది, వంగి చూడరు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎందుకు బాగా ఆడుతున్నాడని ఒక్కడు అడిగి ఉంటే ఈ కథే లేదు. ఆ ఒక్కణ్ణీ నేనైనా కావలసింది. నేనేం చేశానో చెప్పాలి కదా. నేను టీ గ్లాసు కింద పెట్టి, పెద్దమనిషి తీర్పు చెప్పినట్టు, "మోకాలు పోయింది వాడికి. ఇక రాదు," అన్నాను.

తలెత్తి చూస్తే వాడు షాపు పక్కన నిలబడి ఉన్నాడు. ఫోను రీచార్జికి వచ్చినట్టున్నాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో. సెల్ షాపాయన ఏమీ జరగనట్టు, "ఎంత వేయమంటావురా హీరో?" అన్నాడు. వాడు "మళ్లీ వస్తానండీ" అని వెళ్లిపోయాడు. ఫ్లెక్సీలో వాడి ముఖం వానకు వెలిసిపోయి నీలంగా ఉంది. దాన్ని విప్పే ఓపిక కూడా లేదు వీళ్లకు.

ఇది జరిగిన వారానికి, ఒక ఆదివారం పొద్దున చేపల కోసం నేను హార్బరుకు వెళ్లాను. ఉద్యోగం వదిలాక అటు వెళ్లడం మానేసి బజారులోనే కొనుక్కుంటున్నాను. ఆ రోజు చర్చి నుంచి వస్తూ మా ఆవిడ పండుగొప్ప కావాలంటే వెళ్లాను. ఆ సాయంత్రమే మాకు పామర్రు జట్టుతో మ్యాచ్ ఉంది.

ఒక బోటు అప్పుడే వచ్చి ఒడ్డుకు కట్టుకుంటోంది. దానిమీంచి ఒకడు మోకు భుజాన వేసుకుని జెట్టీ మీదకు దూకాడు. దూకి, రెండు కాళ్లూ ఎడంగా పెట్టి, చేతులు కొంచెం చాచి, ఆగాడు. నేలతో మాట్లాడుకుంటున్నట్టు ఒక్క క్షణం ఆగాడు. తరవాత నడిచాడు. ఆ నడక నాకు గ్రౌండులో అయిదు మ్యాచ్‌ల నుంచి తెలుసు. ఓనరు అల్లుడు, రొయ్యల వేపుడు తింటూ కూర్చున్న హీరో, ఒళ్లంతా ఉప్పు పట్టి మోకు మోస్తున్నాడు. 

నా బుర్రను నేనే ఎన్ని తిట్లు తిట్టుకున్నానో రాస్తే పేజీ చాలదు. ముప్పై ఏళ్లు బోట్లకు ఐసు దిమ్మలు ఎక్కించినవాణ్ణి. దిమ్మలు చూసి ఏ బోటు ఎన్ని రోజులకు వెళుతోందో చెప్పేవాణ్ణి. నాలుగైదు రోజులు సముద్రం మీద ఉండి వచ్చినవాడికి ఒడ్డున కూడా కాళ్ల కింద నేల ఊగుతుందని, అది దిగడానికి రెండు మూడు రోజులు పడుతుందని హార్బరులో పసిపిల్లలకు కూడా తెలుసు. వేసవిలో రెండు నెలలు ప్రభుత్వం చేపల వేట నిషేధిస్తుంది. బోట్లన్నీ ఒడ్డున ఉంటాయి. వాడు రోజూ ఒడ్డున ఉంటాడు, రోజూ ప్రాక్టీసుకు వస్తాడు, నేల నేలలాగే ఉంటుంది. అదీ మామిడికాయ రహస్యం.

నన్ను ఇంకా కుదిపింది వేరే ఉంది. ఇది మా జట్టుకు కొత్త సంగతి కాదు.

నేను జెండా పట్టిన మొదటి రోజుల్లో మా లెఫ్ట్ వింగ్‌లో ఇలాగే ఒక బోటు కుర్రాడు ఉండేవాడు. ఒక సెమీఫైనల్ రోజున బోటు దిగి తిన్నగా గ్రౌండుకు వచ్చాడు. బంతి అందుకుని తిరగబోయి, ఎవరూ ముట్టుకోకుండా నా కాళ్ల దగ్గర పడ్డాడు. పై ఊరి నుంచి వచ్చిన రిఫరీ వాడు తాగొచ్చాడని బయటికి పంపేశాడు. వాడు జన్మలో చుక్క ముట్టినవాడు కాదు. గీత పక్కన కూర్చుని ఏడ్చాడు. ఆ తరవాత మా క్లబ్బు ఒక పద్ధతి పెట్టుకుంది. మ్యాచ్‌కు వారం ముందు బోటు ఓనరుకు క్లబ్బు సెక్రటరీ ఒక చీటీ రాసేవాడు: "ఫలానా వానిని మ్యాచికి ముందు మూడు రోజులు ఒడ్డున ఉంచవలెనని కోరుచున్నాము." ఆ చీటీలు హార్బరుకు మోసుకెళ్లింది నేను. ఏ ఓనరూ కాదనలేదు. పైగా చీటీని బోటు కేబిన్‌లో గోడకు గుచ్చుకునేవారు, తమ మనిషి ఊరికి కావలసినవాడని నలుగురూ చూడాలని. తరవాత బోటు కుర్రాళ్లు ఆటకు రావడం తగ్గింది. చీటీలు ఆగిపోయాయి. అందరూ మరిచిపోయారు. సరే, అందరూ అని నన్ను నేను దాచుకోవడం ఎందుకు, నేను మరిచిపోయాను.

వాడు నన్ను చూశాడు. తప్పు చేస్తూ దొరికినట్టు మోకు కింద పెట్టాడు.

"ఈ సాయంత్రం మ్యాచ్ పెట్టుకుని వేటకెళ్లావా?" అన్నాను.

"పొద్దున్నే వచ్చేశాం కదా తాతా."

"ఎన్నాళ్లయింది వెళ్లి?"

"ఐదు రోజులు."

"మరి చెప్పొచ్చు కదరా! ఆ అరుగు మీద అన్నేసి మాటలు పడుతూ, బోటు దిగి వస్తున్నానని ఒక్క ముక్క చెప్పొచ్చు కదా!"

వాడు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "చెప్తే టీములో ఉంచుతారా తాతా? ఎప్పుడొస్తాడో తెలియనివాడు మనకెందుకని తీసెయ్యరూ? ఫిబ్రవరిలో గుడివాడ మ్యాచ్ దాకా నన్ను ఉంచితే చాలు."

అప్పుడు వాడు చెబితే తెలిసింది నాకు. గుడివాడ టోర్నమెంటుకు ఒక ప్రభుత్వ శాఖ జట్టు కోచ్ వస్తున్నాడు. వాళ్లకు లెఫ్ట్ వింగ్ ఖాళీ అయింది. నచ్చినవాడి పేరు స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి రాసుకుంటాడు. దానికి వయసు గీత ఒకటి ఉంది. వీడికి ఆ గీత మే నెలలో దాటిపోతుంది. అంటే వాడు బాగా ఆడే వేసవి రాకముందే, ఆ ఒక్క మ్యాచ్‌లోనే, వాడి జీవితం ఒడ్డున ఉంటుందో సముద్రం మీద ఉంటుందో తేలిపోవాలి.

"మోకాలు పోయిందన్నారు కదా మీరు," అన్నాడు నవ్వుతూ. "ఆ రోజు ఇంటికెళ్లి నొక్కి చూసుకున్నాను తాతా. బాగానే ఉంది."

ఇంతకన్నా పెద్ద చెంపదెబ్బ నన్నెవరూ కొట్టలేదు.

ఆ సాయంత్రం పామర్రువాళ్ల మీద వాడు షరా మామూలుగానే ఆడాడు. రాత్రికల్లా సెల్ షాపాయన క్లబ్బు వాట్సాప్ గ్రూపులో ఓటింగు పెట్టాడు. "లెఫ్ట్ వింగ్: ఉంచాలా? తీసెయ్యాలా?" తీసెయ్యాలనే చెయ్యెత్తారు అందరూ. ఓటు వేసినవాళ్లలో సగం మంది ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నారు. మ్యాచ్ చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నేను మర్నాడు మళ్లీ హార్బరుకు వెళ్లాను. బోటు ఓనరు, అంటే వాడి మావగారు, నాకు పాత స్నేహితుడు. మా మధ్య వరస ఏమీ లేకపోయినా మొదటినుంచీ బావా బావా అనే పిలుచుకుంటాం. వల బాగుచేస్తూ కూర్చున్నాడు.

"ఏం బావగారూ, దారి తప్పారు?"

"నీ అల్లుణ్ణి గుడివాడ మ్యాచ్‌కి ముందు మూడు రోజులు ఒడ్డున ఉంచాలి బావా."

ఆయన చేతిలో సూది ఆగింది. "చీటీ ఏది?"

"చీటీ లేదు. నోటిమాట."

"మా నాన్న టైములో చీటీ వచ్చేది," అన్నాడు. "మా కేబిన్‌లో ఉండేది, తుఫానుకు పోయింది. అల్లుడు ఆడటం మొదలెట్టాక నేను రెండేళ్లు చూశాను బావగారూ, చీటీ వస్తుందేమోనని. ఒక్కరు రాలేదు, ఒక్కరు అడగలేదు. మీకక్కర్లేదేమో, వాడే సరదా కొద్దీ వెళ్తున్నాడేమో అనుకున్నాను. అడక్కుండా ఎలా దింపమంటారు? నాకూ చేతులు కావాలి కదా బోటు మీద."

ఆయనే మళ్లీ అన్నాడు: "మూడు కాదు, నాలుగు రోజులు ఉంచుతాను. ఆ వేటకి నేనే ఎక్కుతాను." ఆయనకు అరవై రెండేళ్లు. నడుం పట్టీ పెట్టుకుంటే గానీ లేవలేడు. అరుగు మీద వెక్కిరించినవాడు ఎవడూ ఆ పట్టీని చూడలేదు.

ఇక మిగిలింది డ్రిల్లు మాస్టారు. అరుగు మీద అందరి ముందే అడిగాను.

"మాస్టారూ, గుడివాడలో వాణ్ణి ఆడించాలి. నాలుగు రోజుల ముందు నుంచి ఒడ్డున ఉంటాడు."

"ఒడ్డున ఉంటే ఏమవుతుందండీ బాబాయ్ గారూ?" అన్నాడు సెల్ షాపాయన. "అదేం సైన్సు? ఎక్కడైనా వీడియో ఉందా దానిమీద?"

"నువ్వు ఎప్పుడైనా బోటెక్కావురా?"

"విమానం ఎక్కానండీ. దిగి శుభ్రంగా నడిచాను."

నవ్వులు. నేను ఆయన్ను వదిలేసి మాస్టారి వైపు తిరిగాను. "మీకు గుర్తు లేదా? 'ఒడ్డున ఉంచవలెనని కోరుచున్నాము.' ఆ దస్తూరి ఎవరిది? అప్పుడు క్లబ్బు సెక్రటరీ ఎవరు? మీరు రాస్తే నేను మోశాను."

మాస్టారి ముఖం మారింది. గుర్తొచ్చింది ఆయనకు. ఆయన మంచివాడే. మంచివాడు కావడం వేరు, నలుగురి ముందు పొరపాటు ఒప్పుకోవడం వేరు. గ్రూపులో ఓటింగు అయిపోయింది, తీసేస్తున్నామని ఆయనే పెట్టాడు.

"పూర్తిగా అంటే మాటలొస్తాయి," అన్నాడు చివరికి. "సెకండాఫ్‌లో దింపుతాను. సరేనా?"

"సరే," అన్నాను నేను.

ఆ సరే అన్నది నేనే. ఇవాళ ఎవరిని ఎంత తిట్టినా ఆ మాట అక్కడ ఉండనే ఉంటుంది. సగం దక్కిందని సంతోషపడి ఇంటికి వెళ్లి అన్నం తిన్నాను.

గుడివాడలో గ్రౌండు బాగానే ఉంది, జనం బాగానే వచ్చారు. మేమంతా పొద్దున బస్సులో వెళ్లాం. కోచ్ తెల్ల టోపీ పెట్టుకుని, ఒళ్లో ఫైలు పెట్టుకుని టెంటు కింద కూర్చున్నాడు. నేను అలవాటు కొద్దీ ఎడమ గీత దగ్గరే చాప వేసుకున్నాను. ఫస్టాఫ్‌లో మా లెఫ్ట్ వింగ్‌లో ఆడినవాడు, సెల్ షాపాయన సిఫారసు చేసిన పిల్లాడు, లోపలికి కోసుకుని రమ్మన్నారు కాబట్టి ప్రతిసారీ లోపలికి కోసుకుని వచ్చి, అక్కడ ఉన్న ముగ్గురికి బంతి సమర్పించుకుని వెళ్లాడు. మేం ఒక గోలు వెనకబడ్డాం. మావాడు బెంచీ మీద బూట్లు కట్టుకుని, విప్పి, మళ్లీ కట్టుకుంటున్నాడు.

హాఫ్‌టైమ్‌లో కోచ్ లేచి మా మాస్టారి దగ్గరికి వచ్చాడు. నేను పక్కనే ఉన్నాను.

"మీ లెఫ్ట్ సైడ్ ఇంతేనా మాస్టారూ?"

"ఇంకొకడున్నాడు సార్. ఇప్పుడు దింపుతున్నాను. అసలు కుర్రాడు వాడే."

"అసలు కుర్రాడైతే మొదట్నుంచీ ఎందుకు దింపలేదు?"

మాస్టారు ఏం చెబుతాడు? హైదరాబాదు నుంచి ఓట్లు వేశారని చెబుతాడా? కోచ్ గడియారం చూసుకున్నాడు. ఏలూరులో మూడింటికి ఇంకో మ్యాచ్ ఉంది, అక్కడ ఇద్దరిని చూడాలి అన్నాడు. ఫైలు చంకలో పెట్టుకుని కారెక్కాడు. ఒక్క పది నిమిషాలు చూసి వెళ్లండి సార్ అని నేను కారు దాకా వెళ్లాను. "ఇంకోసారి చూద్దాం పెద్దాయనా," అని అద్దం ఎత్తేశాడు.

కారు గేటు దాటుతుండగా సెకండాఫ్ విజిల్ పడింది. జట్లు వైపులు మారాయి కాబట్టి నేను చాప ఎత్తుకుని, మా ఎడమ వింగ్ వచ్చే అవతలి గీత దగ్గరికి వెళ్లాను.

ఆ తరవాత నేను చూసింది చూశాను కాబట్టి రాయాలి. మొదటి బంతి వచ్చింది. వాడు ఆగలేదు. ఒళ్లంతా కుడికి వాల్చాడు, బ్యాక్ అటు పోయాడు, వీడు నా చాప అంచు తొక్కుకుంటూ గీత మీదుగా జారిపోయాడు. మడమ నేలకు ఆనీ ఆననట్టు. నేల ఊగడం లేదు, వాడే నేలను ఊపుతున్నాడు. మొదటి గోలుకు క్రాస్ వాడిదే. రెండోది తనే కొట్టాడు. గుడివాడవాళ్లు కూడా లేచి చప్పట్లు కొట్టారు. వాడు గోలు కొట్టి టెంటు వైపు చూశాడు. మధ్యాహ్నపు ఎండకు టెంటు కింద నీడగా ఉంది, ఎవరున్నారో లేరో అంత దూరం నుంచి తెలియదు. అక్కడికి చేయి ఊపాడు.

తిరుగు బస్సులో అరుగంతా నోరు విప్పింది.

"చూశారా! ఫామ్‌లోకి వచ్చాడు!"

"ఊరికే వచ్చాడా? మనం తిట్టబట్టి వచ్చాడు. పౌరుషం పొడుచుకొచ్చింది."

"నా వీడియో చూసినట్టున్నాడండీ. ఆ రెండో గోలు అచ్చం అదే," అన్నాడు సెల్ షాపాయన. "ఈసారి కొత్త ఫ్లెక్సీ కొట్టిస్తాను."

"నాలుగు రోజులు ఒడ్డున ఉన్నాడ్రా," అన్నాను.

"మీరు అదే పట్టుకున్నారు బాబాయ్ గారూ," అని నవ్వాడు. 

మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

పామర్రులో బస్సు ఆగింది. అందరూ టీలకు దిగారు. వాడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. జుట్టు ఇంకా తడిగా ఉంది.

"ఆ సారు ఏమన్నారు తాతా?"

మాస్టారు చెప్పాలి ఆ మాట. చెప్పలేదు. నేనే చెప్పాను.

"హాఫ్‌టైమ్‌లో వెళ్లిపోయాడు."

"అంటే నేను దిగకముందే."

"దిగకముందే."

వాడు కాసేపు తన బూట్ల సంచి దారాన్ని వేలికి చుట్టుకున్నాడు. "రెండో గోలు బాగా పడింది కదా తాతా?" అన్నాడు.

"నేను చూసిన వాటిల్లో అంత మంచిది లేదు."

"సరేలెండి. మీరైనా దగ్గర్నుంచి చూశారు." లేచి, డోరు దగ్గర ఆగి అన్నాడు: "మావయ్యకి నడుం పట్టేసిందంట. ఎల్లుండి బోటుకి నేను వెళ్లాలి."

మార్చిలో మాకు అవనిగడ్డలో ఒక మ్యాచ్ పడింది. ఒక సాయంత్రం డ్రిల్లు మాస్టారు మా ఇంటికి వచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మంలో నిలబడి మడిచిన కాగితం నా చేతిలో పెట్టాడు. పాత దస్తూరి, వణుకు కలిసింది. "మూడు రోజులు ఒడ్డున ఉంచవలెనని కోరుచున్నాము." అడుగున సంతకం.

నేను తీసుకుని హార్బరుకు వెళ్లాను. ఓనరు అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. చదివి, జాగ్రత్తగా మళ్లీ మడతల మీదే మడిచి, నాకు తిరిగిచ్చాడు.

"నిన్న తెల్లవారుజామునే వెళ్లాడు బావగారూ. నేనే ఆగరా, మ్యాచ్ ఉందేమో అన్నాను. వద్దులే మావయ్యా, అన్నాడు. బోటు నిండా ఐసు వేయించుకున్నాడు. వారం దాకా రాడు."

అవనిగడ్డలో ఓడిపోయాం. నేను ఇప్పుడు అరుగు మీద కూర్చోను. కుర్చీ ఒకటి తెచ్చుకుని గేటు లోపల, గ్రౌండు వైపు ముఖం పెట్టి కూర్చుంటాను. వద్దన్నా వెనకనుంచి మాటలు వినపడతాయి.

"చూశారా, నేను చెప్పలేదూ? మ్యాచ్‌కే రాలేదు. మళ్లీ ఫామ్ పోయింది వాడికి."

"ఏప్రిల్ రానివ్వండి. మామిడికాయలతో పాటు వాడూ వస్తాడు."

వస్తాడు. వేట ఆగుతుంది, బోట్లు ఒడ్డుకు చేరతాయి, వాడు వచ్చి మళ్లీ ఆ ఎడమ గీత మీద జారిపోతాడు. వాడి వయసు గీత దాటిపోయే ఆ మే నెలలోనే ఫ్లెక్సీ కూడా కడతారు.